ఒకే గోడ, రెండు ముట్టడులు

ప్రాచీన పశ్చిమాసియాలో పట్టణమంటే ముందుగా గోడే. పొలాలు, ద్రాక్షతోటలు, మేతబీళ్లు గోడకు బయట ఉండేవి. శత్రువు కదిలాడన్న కబురు అందగానే చుట్టుపక్కల పల్లెల జనం పశువులను తోలుకుని, మోయగలిగినంత ధాన్యం మూటగట్టుకుని లోపలికి చేరేవారు. గవిని తలుపులు మూసి అడ్డగడియలు వేశాక ఆ పట్టణం ప్రాణం గోడ దిట్టతనం మీద, గాదెల్లోని గింజ మీద, తాగే నీటి మీద నిలిచేది. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మిగిలినవి ఎందుకూ కొరగావు.

ముట్టడించేవారికి రెండు దారులు ఉండేవి. చుట్టూ దండు దిగి, రాకపోకలు ఆపేసి, లోపలివారిని ఆకలికి వదిలేయడం ఒకటి. అందులో నెత్తురు తక్కువ, కాలం ఎక్కువ. గోడనే ఢీకొనడం రెండోది. నిచ్చెనలు వేసి ఎక్కేవారు, పునాదుల కిందికి సొరంగం తవ్వేవారు, రాళ్లూ మట్టీ పోసి గోడ ఎత్తుకు దిబ్బ కట్టి దాని మీదుగా గోడలు పడగొట్టే యంత్రాలను తోసుకొచ్చేవారు. క్రీస్తు పూర్వం 9వ శతాబ్దం నుంచి 7వ శతాబ్దం దాకా ఈ పనిలో అష్షూరు సైన్యాన్ని మించినవారు లేరు.

బైబిలు పాత నిబంధనలో చాలా భాగం ఈ భయం తెలిసినవారు రాసింది. ధర్మశాస్త్రంలోనే ముట్టడికి కట్టడి ఉంది. ఒక పట్టణాన్ని ఎన్నాళ్లు ముట్టడించినా దాని పండ్లచెట్ల మీద గొడ్డలి వేయకూడదని, కాయలు తినడానికి పనికిరాని చెట్లను మాత్రమే ముట్టడి పనులకు కొట్టుకోవచ్చని ద్వితీయోపదేశకాండం 20వ అధ్యాయం శాసిస్తుంది. యుద్ధం నడుస్తున్నప్పుడు కూడా చెట్టు పక్షాన మాట్లాడిన శాసనం అది. అదే గ్రంథం 28వ అధ్యాయానికి వస్తే స్వరం మారుతుంది. దేవునితో చేసిన నిబంధనను మీరిన జనం, తాము నమ్ముకున్న ఎత్తయిన గోడల లోపలే ఆకలికి చిక్కి, కన్నబిడ్డల మాంసానికి చేతులు చాచే గతికి వస్తారని ఏమీ దాచకుండా చెబుతుంది. తర్వాతి గ్రంథాల్లోని ప్రతి ముట్టడి వెనుక ఈ అధ్యాయం వినిపిస్తూనే ఉంటుంది.

పేరుమోసిన ఘట్టం యెరికో. యుద్ధవిద్య దృష్టితో చూస్తే అది అసలు ముట్టడే కాదు. దిబ్బ లేదు, నిచ్చెన లేదు, యంత్రం లేదు. ఆరు రోజులు రోజుకొకసారి, ఏడో రోజు ఏడుసార్లు సైన్యం పట్టణం చుట్టూ నడుస్తుంది. మందసం ముందు ఏడుగురు యాజకులు బూరలు ఊదుతుంటారు, జనం నోరు మెదపరు, చివరి చుట్టు తర్వాత వారు కేకవేయగానే గోడ కూలుతుంది. 1952 నుంచి 1958 వరకు అక్కడ తవ్వకాలు జరిపిన కేథ్లీన్ కెన్యన్, కాంస్యయుగపు యెరికో క్రీస్తు పూర్వం 1550 ప్రాంతంలోనే నాశనమైందని, ఇశ్రాయేలీయులను నడిపిన యెహోషువకు సాధారణంగా చెప్పే కాలంలో అక్కడ గోడగల పట్టణం ఆనవాళ్లు లేవని తేల్చారు. దీని మీద వాదం ఇంకా నడుస్తోంది. కథ చెప్పదలచుకున్నది మాత్రం తేటగానే ఉంది. ఆ ఊరు ఇశ్రాయేలీయుల కండబలంతో దక్కలేదు. గోడ కూలినా, ఆ గోడ మీదే ఇల్లున్న రాహాబు అనే వేశ్య, ఆమె నీడన చేరినవారు బతికారు. ఆమె కిటికీకి కట్టిన ఎర్రని తాడులో క్రీస్తు రక్తానికి గుర్తును మొదటి శతాబ్దపు రోమా క్లెమెంటు చూశాడు. మూడో శతాబ్దపు ఓరిగెను యాజకుల బూరల్లో అపొస్తలుల బోధను విన్నాడు. ఆధ్యాత్మిక వ్యాఖ్యానం ఇలా మొదటినుంచీ ఈ కథల వెంట నడిచింది.

ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను కథ వేరే రకం. రెండవ రాజుల గ్రంథం 6, 7 అధ్యాయాల్లో సిరియా రాజు బెన్హదదు ఆ పట్టణాన్ని దిగ్బంధిస్తాడు. లోపల గాడిద తల 80 తులాల వెండి పలుకుతుంది. గాడిద మాంసం ధర్మశాస్త్రం ప్రకారం తినకూడనిది, పైగా తలలో మాంసం ఎంతుంటుంది! ఒకనాడు రాజు గోడ మీద తిరుగుతుండగా ఒక స్త్రీ న్యాయం చేయమని అడ్డుపడుతుంది. నిన్న తన కొడుకును వండుకుని తిన్నారట, ఇవాళ పొరుగు స్త్రీ తన కొడుకును దాచేసిందట. రాజు బట్టలు చింపుకుంటాడు. రాజవస్త్రాల కింద ఒంటిని అంటి ఉన్న గోనెపట్ట అప్పుడు జనం కంటబడుతుంది. ఆయన అంతకుముందే రహస్యంగా దుఃఖదీక్షలో ఉన్నాడన్నమాట. ఆ పట్టణానికి విడుదల కబురు తెచ్చింది సేనాపతులు కారు. గవిని బయట ఉండే నలుగురు కుష్ఠరోగులు, లోపలా చావే బయటా చావే అనుకుని శత్రు శిబిరానికి వెళ్లి చూస్తే గుడారాలు ఖాళీగా ఉన్నాయి. కడుపునిండా తిని, వెండి బంగారాలు దాచుకున్నాక వారికి మనసు ఒప్పలేదు. ఇంతటి శుభవార్త నాడు ఊరకుండడం తప్పని తిరిగి వచ్చి గవిని కావలివారిని కేకేశారు. పట్టణం ఎవరిని బయట ఉంచిందో వారి నోటి మాటతోనే పట్టణం బతికింది.

అయితే ముట్టడి అర్థాన్ని గ్రంథం అన్ని కోణాల నుంచీ తరచి చూసింది యెరూషలేము విషయంలోనే. ఆ నగరం సుమారు 115 ఏళ్ల ఎడంతో రెండు మహా సామ్రాజ్యాల ముట్టడిని చూసింది. మొదటిసారి గవిని తెరవవద్దు, నగరం నిలుస్తుందని ప్రవక్త యెషయా చెప్పాడు. నగరం నిలిచింది. రెండోసారి గవిని తెరవండి, లొంగిపోండి, లేకుంటే నగరం కాలిపోతుందని ప్రవక్త యిర్మీయా చెప్పాడు. నగరం కాలిపోయింది. ఇద్దరూ మాట్లాడింది ఒకే దేవుని పేరున, ఒకే గోడ గురించి. ఏ ఒక్క ముట్టడినో విడిగా పట్టుకుని సూత్రం తీసేవారు ఇక్కడే తడబడతారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

మొదటిది క్రీస్తు పూర్వం 701 నాటిది. యూదా రాజు హిజ్కియా అష్షూరుకు కప్పం ఆపేశాడు. అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తి వచ్చాడు. 46 ప్రాకార పట్టణాలను పట్టుకున్నానని, 2,00,150 మందిని చెరపట్టానని ఆయన శాసనం లెక్క చెబుతుంది. వాటిలో పెద్దది లాకీషు. ఆ విజయాన్ని ఆయన నీనెవెలోని తన రాజభవనంలో ఒక గది గోడల నిండా చెక్కించుకున్నాడు. 19వ శతాబ్దంలో ఆస్టెన్ హెన్రీ లేయర్డ్ తవ్వి తీసిన ఆ రాతి పలకలు ఇప్పుడు లండన్ లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. దిబ్బ మీదుగా యంత్రాలు గోడను పొడుస్తుంటాయి. పై నుంచి లాకీషు వాసులు కాగడాలు విసురుతుంటారు. యంత్రం అంటుకోకుండా లోపలి సైనికుడొకడు పొడుగాటి గరిటెతో దాని మీద నీళ్లు పోస్తుంటాడు. మరోవైపు చెరపట్టిన కుటుంబాలు ఎడ్లబండ్ల మీద మూటలతో సాగిపోతుంటాయి, కొందరిని కొరతవేసి నిలబెట్టారు. డేవిడ్ ఉసిష్కిన్ నాయకత్వంలో 1973 నుంచి సాగిన తవ్వకాల్లో ఆ దిబ్బ లాకీషు నైరుతి మూలన నిజంగానే బయటపడింది. దానికి ఎదురుగా గోడ లోపలివైపు లాకీషు వాసులు పోసిన అడ్డుదిబ్బ కూడా దొరికింది. ఇనుప బాణపు మొనలు వందల్లో దొరికాయి. గ్రంథం, శిల్పం, నేల ఒకే మాట చెప్పే ఇలాంటి చోట్లు చాలా అరుదు.

లాకీషు తర్వాత వంతు యెరూషలేముది. హిజ్కియా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నగరానికి నీరిచ్చే గీహోను ఊట కొండ వాలున ఉండేది. ఆ నీరు శత్రువుకు దక్కకుండా, కొండ కడుపులోంచి 533 మీటర్ల సొరంగం తొలిచి సిలోయము కోనేటికి మళ్లించారు. రెండు చివరల నుంచి రెండు జట్లు తొలుచుకుంటూ వచ్చాయి. 1880లో ఆ సొరంగం గోడ మీద కనబడిన శాసనం, మూడు మూరల రాయి మిగిలి ఉండగా ఒక జట్టు కేకలు మరో జట్టుకు వినిపించిన సంగతి, చివరికి గొడ్డలికి గొడ్డలి తగిలి నీరు పారిన సంగతి చెబుతుంది. అందులో రాజు పేరు లేదు. రాయి కొట్టినవారి సంతోషమే ఉంది. నగరానికి పడమటి వైపు కొత్త గోడ లేచింది. నహ్మాన్ అవిగాద్ తవ్వకాల్లో బయటపడిన దాని మందం దాదాపు 7 మీటర్లు. దాని కింద కూలగొట్టిన ఇళ్ల పునాదులున్నాయి. గోడ గట్టిపరచడానికి ఇళ్లు లెక్కపెట్టి పడగొట్టారని యెషయా 22వ అధ్యాయం చెప్పే మాటకు అది ప్రత్యక్ష సాక్ష్యం.

ఆ అధ్యాయంలోనే యెషయా గద్దింపు ఉంది. మీరు గోడ చూసుకున్నారు, కోనేరు చూసుకున్నారు, ఆయుధాగారం చూసుకున్నారు, వీటన్నిటినీ ఏనాడో సంకల్పించినవాని వైపు మాత్రం చూడలేదన్నది దాని సారం. ప్రవక్త సొరంగాన్ని తప్పుపట్టలేదు. కట్టడం పాపం కాదు. కట్టినదాన్ని చూసి కట్టించిన దేవుణ్ణి మరవడమే ఆయన బాధ. పైగా అదే జనం, రేపు ఎలాగూ చస్తాం కదా అని ఎడ్లను కోసి, ద్రాక్షారసం తాగి విందులు చేసుకున్నారట. నిరాశ కూడా దేవుణ్ణి మరవడంలో ఒక రూపమేనని ఆ అధ్యాయం పట్టి చూపిస్తుంది.

అష్షూరు రాయబారి రబ్షాకే వచ్చి నిలబడిన చోటును గ్రంథం పనిగట్టుకుని చెబుతుంది. చాకిరేవు దారిలో, మెరక కోనేటి కాలువ దగ్గర. అంతకు ఒక తరం ముందు, హిజ్కియా తండ్రి ఆహాజు సిరియా, ఇశ్రాయేలు రాజుల ఉమ్మడి దాడికి వణికిపోతున్నప్పుడు, యెషయా ఆయనను కలిసి భయపడవద్దని చెప్పింది సరిగ్గా ఆ కాలువ దగ్గరే. ఆహాజు ఆ మాట వినక, ఆలయంలోని వెండి బంగారాలు పంపి అష్షూరును సాయానికి పిలిచాడు. తండ్రి పిలిచిన సాయం కొడుకు గుమ్మం ముందు శత్రువై నిలిచింది, తండ్రి నమ్మలేకపోయిన చోటనే.

రబ్షాకే ప్రసంగం ముట్టడి సాహిత్యంలో సాటిలేనిది. ఆయన బాణం వేయడు, మాటలే వేస్తాడు. ఐగుప్తును నమ్మితే విరిగిన రెల్లులా చేతికి గుచ్చుకుంటుందంటాడు. ఎక్కేవారుంటే చెప్పండి, రెండువేల గుర్రాలు నేనే ఇస్తానంటాడు. మీ రాజు ఉన్నత స్థలాల బలిపీఠాలు పడగొట్టాడు కదా, మీ దేవునికే కోపం వచ్చి నన్ను పంపాడంటాడు. హిజ్కియా అధికారులు గోడ మీది జనానికి అర్థం కాకుండా సిరియా భాషలో మాట్లాడమని బతిమాలితే, గొంతు పెంచి యూదుల భాషలోనే జనాన్ని పిలుస్తాడు. తమ మలమూత్రాలే తిండీ నీళ్లూ అయ్యే రోజు దగ్గర్లో ఉందని బెదిరిస్తాడు. వెంటనే గొంతు మార్చి, బయటికొస్తే ఎవరి ద్రాక్ష వారు తినవచ్చు, ఎవరి బావి నీళ్లు వారు తాగవచ్చు, ఆపైన ఇంతే సారవంతమైన దేశానికి తీసుకుపోతానని ఆశ పెడతాడు. చెరను వలస అని పేరు మార్చి అమ్మడం అది. ఆధ్యాత్మిక జీవితం గురించి బోధించేవారు శోధన ఎలా మాట్లాడుతుందో చూపడానికి తరతరాలుగా ఈ అధ్యాయాన్ని తెరవడంలో ఆశ్చర్యం లేదు. శోధన పచ్చి అబద్ధం చెప్పదు. సగం నిజం చెబుతుంది, దేవుని పేరు కూడా వాడుకుంటుంది, మనకు బాగా అర్థమయ్యే భాషలో మాట్లాడుతుంది. గోడ మీది జనం ఒక్క మాట కూడా బదులివ్వలేదు. మాట్లాడవద్దన్నది రాజాజ్ఞ.

ఆ తర్వాత వచ్చిన బెదిరింపు ఉత్తరాన్ని హిజ్కియా ఆలయంలోకి తీసుకుపోయి దేవుని ముందు విప్పి పరిచాడు. రాజు తన దగ్గరున్న ఉపాయాలన్నీ అయిపోయాక చేసిన పని అది. అంతకుముందే ఆయన 300 టాలెంట్ల వెండి, 30 టాలెంట్ల బంగారం ఇచ్చి శాంతి కొనుక్కోవాలని చూశాడు, ఆలయపు తలుపుల బంగారు రేకు సైతం ఒలిపించాడు. గ్రంథం దీన్ని దాచదు. ఉత్తరానికి జవాబు యెషయా నోట వచ్చింది. ఈ నగరం మీదికి ఒక్క బాణం కూడా రాదు, దిబ్బ లేవదు. ఆ రాత్రి దేవదూత అష్షూరు దండుపేటలో 1,85,000 మందిని హతమార్చాడని, సన్హెరీబు వెనుదిరిగాడని రాజుల గ్రంథం చెబుతుంది. సన్హెరీబు సేన వెనుదిరిగిన సంగతిని గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ ఐగుప్తువారి కథగా చెప్పాడు. అందులో ఎలుకలు విల్లుల అల్లెతాళ్లు కొరికేశాయి. సన్హెరీబు మట్టిశాసనం ఏ దెబ్బా ఒప్పుకోదు. హిజ్కియాను పంజరంలో పక్షిలా బంధించానని, బోలెడంత కప్పం తెచ్చానని మాత్రం గొప్పగా చెప్పుకుంటుంది. యెరూషలేమును పట్టుకున్నానని ఎక్కడా అనదు. అంతటి రాజు భవనంలో గది నిండా ఉన్నది రాజధాని పతనం కాదు, లాకీషు పతనం. అదొక్కటీ చాలా చెబుతుంది.

ఈ విడుదలకు ఇంకో ముఖం ఉంది. లాకీషుకు దగ్గరి మోరెషెతు నుంచి వచ్చిన మీకా ప్రవక్త ఆ కాలంవాడే. సీయోనును రక్తంతో కడుతున్నారు, లంచం తీసుకుని తీర్పు చెబుతున్నారు, అందుచేత ఈ కొండను పొలంలా దున్నేస్తారని ఆయన బాహాటంగా అన్నాడు. హిజ్కియా ఆయనను చంపలేదు. భయపడి, దేవుణ్ణి వేడుకున్నాడు. వందేళ్లు గడిచాక యిర్మీయాను చంపబోయినప్పుడు పెద్దలు లేచి గుర్తుచేసింది ఈ సంగతినే. యిర్మీయా 26వ అధ్యాయంలో అది ఉంది. అంటే 701లో నగరాన్ని కాపాడినది గోడ కాదు, కేవలం అద్భుతం కూడా కాదు. గద్దింపు విన్న రాజు చెవి కూడా అందులో ఉంది.

జనానికి మాత్రం అద్భుతమే జ్ఞాపకం ఉండిపోయింది. దేవుని ఆలయం ఇక్కడుంది కనుక ఈ నగరం ఎన్నటికీ పడదన్న నమ్మకం గట్టిపడింది. యెషయా విశ్వాసం పునాదిగా చెప్పిన మాట, వందేళ్లకు విశ్వాసం అక్కరలేని హామీగా మారిపోయింది. ఆలయం, ఆలయం అని జపంలా పలకడం అబద్ధాన్ని నమ్ముకోవడమేనని, పరదేశినీ అనాథనూ విధవరాలినీ బాధించేవారిని ఆ కట్టడం కాపాడదని, నమ్మకపోతే ఒకప్పుడు దేవుని మందిరం ఉండి, పాడుపడిన షిలోహుకు వెళ్లి చూడమని యిర్మీయా ఆలయ ద్వారంలోనే నిలబడి చెప్పాడు. ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు.

రెండో ముట్టడి సిద్కియా ఏలుబడిలో, 9వ ఏట 10వ నెల 10వ రోజున మొదలైంది. బబులోను రాజు నెబుకద్నెజరుకు లోబడి ఉంటానని దేవుని మీద ఒట్టు వేసి సింహాసనం ఎక్కిన సిద్కియా ఆ ఒట్టు తప్పాడు. ముట్టడి బిగిసేసరికి నగరానికి ధర్మం గుర్తొచ్చింది. హెబ్రీ బానిసలను ఆరేళ్లకు మించి ఉంచుకోకూడదన్న పాత శాసనం అప్పటిదాకా అటకెక్కి ఉంది. రాజు, ప్రధానులు, యాజకులు ఆలయంలో దూడను రెండుగా కోసి, ఆ ఖండాల మధ్య నడిచి, బానిసలందరినీ విడిచిపెడతామని నిబంధన చేశారు. విడిచిపెట్టారు కూడా. ఇంతలో ఐగుప్తు సైన్యం కదిలిందని తెలిసి కల్దీయులు, అంటే బబులోనువారు, ముట్టడి సడలించి అటు వెళ్లారు. గవినులు తెరుచుకున్నాయి. యజమానులు విడిచిపెట్టిన మనుషులను మళ్లీ పట్టుకొచ్చి బానిసలుగా చేసుకున్నారు.

యిర్మీయా 34వ అధ్యాయంలోని ఈ ఘట్టం ముట్టడి కథలన్నిటికీ కేంద్రమని చెప్పవచ్చు. నగరం లోపల ఏముందో శత్రువు రావడంతో బయటపడలేదు, శత్రువు వెళ్లడంతో బయటపడింది. భయంలో పుట్టిన పశ్చాత్తాపం భయం పోగానే పోయింది. మీరు మీ సహోదరులకు విడుదల ప్రకటించలేదు కనుక, కత్తికీ తెగులుకూ కరవుకూ మీ మీద విడుదల ప్రకటిస్తున్నానని దేవుడు చెప్పినట్టు యిర్మీయా పలికాడు. కల్దీయులు తిరిగొచ్చారు.

లొంగిపోతేనే బతుకుతారని చెబుతూ వచ్చిన యిర్మీయాను సైనికుల గుండె జారుస్తున్నాడని నేరం మోపి చెరసాల ఆవరణలోని గోతిలోకి తాళ్లతో దించారు. అందులో నీళ్లు లేవు, బురదే ఉంది. ఆయన అందులో కూరుకుపోయాడు. నగరంలో అన్నం కరువైన రోజులవి. రాజభవనంలో పనిచేసే ఎబెద్మెలెకు అనే కూషీయుడు, పరదేశి, గవిని దగ్గర కూర్చున్న రాజు ముందుకు వెళ్లి ఇది దుర్మార్గమని అన్నాడు. రాజు 30 మందిని ఇచ్చాడు. ఎబెద్మెలెకు ముందు ఖజానా కింది గదికి వెళ్లి చింకిపాతలు, చిరిగిన బట్టలు ఏరుకొచ్చి గోతిలోకి వదిలాడు. తాళ్లు చంకల్లో కోసుకోకుండా వాటిని అడ్డం పెట్టుకోమని ప్రవక్తకు చెప్పి, ఆ తర్వాతే పైకి లాగించాడు. పెద్ద పెద్ద గోడల గురించి, దిబ్బల గురించి చెప్పే గ్రంథం ఈ పాతగుడ్డల కోసం ఆగింది. కూలిపోతున్న నగరంలో ఇంకా నిలిచి ఉన్నదేమిటో అక్కడ కనిపిస్తుంది. నగరం పడిన రోజున ఎబెద్మెలెకు ప్రాణం దక్కుతుందని దేవుని మాట వచ్చినట్టు ఆ గ్రంథమే తర్వాత చెబుతుంది.

లొంగిపొమ్మన్న ప్రవక్తను దేశద్రోహి అనుకోవడం తేలిక. ఆ ముట్టడి నడుమనే ఆయన చేసిన బేరం ఆ నిందను కొట్టివేస్తుంది. సొంత ఊరు అనాతోతులో, అప్పటికే శత్రువు చేతిలో ఉన్న పొలాన్ని, తన పినతండ్రి కొడుకు హనమేలు దగ్గర 17 తులాల వెండి తూచి ఇచ్చి కొన్నాడు. సాక్షులతో క్రయపత్రం రాయించి, ముద్ర వేసినదీ వేయనిదీ రెండూ చాలాకాలం నిలిచేలా మట్టికుండలో పెట్టమని తన లేఖికుడు బారూకుకు అప్పగించాడు. ఈ దేశంలో ఇళ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ మళ్లీ కొంటారన్నదే దాని భావం. గోడ పోతుందని ఖాయంగా తెలిసినవాడే నేల మిగులుతుందని డబ్బు పెట్టాడు. నమ్మకానికి ఇంతకన్నా గట్టి నిదర్శనం ఆ గ్రంథంలో మరొకటి దొరకడం కష్టం.

సిద్కియా 11వ ఏట 4వ నెల 9వ రోజున గోడ బీటవారింది. అది క్రీస్తు పూర్వం 587 లేదా 586. రాజు రాత్రివేళ రాజోద్యానం పక్క ద్వారం గుండా పారిపోయి యెరికో మైదానంలో పట్టుబడ్డాడు. రిబ్లాలో ఆయన కళ్లెదుటే కొడుకులను చంపి, ఆ తర్వాత ఆ కళ్లు పీకేశారు. మరుసటి నెలలో ఆలయం కాలిపోయింది. దావీదు పురం తవ్వకాల్లో కాలిన ఇళ్లు, బాణపు మొనలు, మంటకు కాలి గట్టిపడిన మట్టిముద్రలు దొరికాయి. ఒక ముద్ర మీద షాఫాను కుమారుడు గెమర్యా పేరుంది. యిర్మీయా 36వ అధ్యాయంలో అదే పేరున్న అధికారి కనిపిస్తాడు. 1935లో లాకీషులో దొరికిన పెంకు ఉత్తరాల్లో ఒకటి, లాకీషు నిప్పు సంకేతాల కోసం కనిపెట్టుకుని ఉన్నామని, అజేకా సంకేతం కనబడడం లేదని చెబుతుంది. ప్రాకార పట్టణాల్లో ఇక మిగిలినవి లాకీషు, అజేకా మాత్రమే అని యిర్మీయా రాసిన రోజులకు ఈ పెంకు చాలా దగ్గరగా నిలుస్తుంది.

ఆ శిథిలాల మధ్య పుట్టింది విలాపవాక్యముల గ్రంథం. ఐదు కావ్యాల్లో మొదటి నాలుగింటిని హెబ్రీ వర్ణమాల 22 అక్షరాల వరుసలో అల్లారు. మాట పెగలని దుఃఖాన్ని అక్షరక్రమం చేయి పట్టుకుని నడిపిస్తుంది. అందులో శత్రువు మీద కోపం ఉంది. దేవుని మీద ఫిర్యాదు ఉంది. మా తప్పేనన్న ఒప్పుకోలు ఉంది. ఏ ఒక్కదానికోసమూ మిగిలినవాటిని అణచలేదు. నడిమధ్యన, మూడో కావ్యంలో, దేవుని వాత్సల్యం ఇంకా అయిపోలేదన్న ఆశ ఉంది, కానీ గ్రంథం ఆ ఆశతో ముగియదు. ప్రశ్నతో ముగుస్తుంది. ఆ నిజాయితీయే దాని విలువ. యూదులు ఇప్పటికీ ఆబు నెల 9వ రోజున ఉపవాసం ఉండి దీన్ని చదువుతారు. ముట్టడి మొదలైన రోజుకు, గోడ బీటవారిన రోజుకు కూడా వేరువేరు ఉపవాసాలున్నాయి.

క్రీస్తు శకం 70లో రోమా సేనాని తీతు అదే నగరాన్ని ముట్టడించినప్పుడు, లోపలి వర్గాలు ఒకరి ధాన్యపు కొట్లను ఒకరు తగలబెట్టుకున్నాయని జోసీఫస్ రాశాడు. ఆ ముట్టడిలో కాలిన రెండో ఆలయం ఎందుకు పోయిందన్న ప్రశ్నకు తల్మూదు పండితులు రోమును నిందించి ఊరుకోలేదు. కారణం లేని ద్వేషం వల్ల పోయిందన్నారు. 17వ శతాబ్దపు ఆంగ్లేయ రచయిత జాన్ బన్యన్, యువకుడిగా అంతర్యుద్ధంలో కోట కాపలా సైనికుడిగా పనిచేసినవాడు, 1682లో మనిషి ఆత్మనే ఒక ప్రాకార పట్టణంగా చిత్రిస్తూ ఒక గ్రంథం రాశాడు. ఆ పట్టణానికి చెవి, కన్ను, నోరు, ముక్కు, స్పర్శ అనే ఐదు గవినులున్నాయి. లోపలివారు ఒప్పుకుంటే తప్ప ఆ గోడ బయటివారికి లొంగదు. చెవి గవినికే మొదటి దాడి. బన్యన్ రబ్షాకేను బాగా చదువుకున్నాడనిపిస్తుంది.

బబులోనువారు పడగొట్టిన గోడను క్రీస్తు పూర్వం 445లో నెహెమ్యా తిరిగి కట్టించాడు. 52 రోజుల్లో పని పూర్తయింది. కంసాలులు, పరిమళ ద్రవ్యాలు చేసేవారు కట్టారు, షల్లూము అనే అధికారి తన కుమార్తెలతో కలిసి కట్టాడు, చాలామంది ఎవరి ఇంటి ఎదుట వారు కట్టుకున్నారు. ఆ గ్రంథం 5వ అధ్యాయం గోడ పనిని మధ్యలో ఆపి మరో మొర వినిపిస్తుంది. కరవులో పొలాలు తాకట్టు పెట్టి, పిల్లలను బానిసలుగా అప్పగించిన పేదలు తమ సొంతవారి మీదే మొరపెట్టుకున్నారు. నెహెమ్యా పెద్దలను సభలో నిలదీసి, వడ్డీ మాన్పించి, పొలాలూ ఇళ్లూ తిరిగి ఇప్పించాడు. సిద్కియా కాలంలో చెడిన పని అదే. గోడ రెండోసారి లేస్తున్నప్పుడు దాన్ని సరిచేయకుండా రాళ్లు పేర్చడం వృథా అని నెహెమ్యాకు తెలుసు. ఆయన కన్నా కొన్ని దశాబ్దాల ముందు జెకర్యా ప్రవక్తకు కనబడిన దర్శనంలో, కొలనూలు పట్టుకుని యెరూషలేము కొలతలు తీయబోయిన యువకుణ్ణి దేవదూత ఆపించాడు. ఆ నగరం జనం ఎక్కువై గోడలు లేని ఊరిలా విస్తరిస్తుందని, చుట్టూ అగ్ని ప్రాకారంగా దేవుడే ఉంటాడని చెప్పాడు.

ముట్టడి కథల్లో గెలుపు సూత్రాల కోసం వెతికేవారు ఈ గ్రంథాల్లో తమకు నచ్చిన సగాన్నే చదువుతారు. రెండవ రాజుల గ్రంథం 18, 19 అధ్యాయాలు, ఆ వెంటనే యెషయా 22, తర్వాత యిర్మీయా 7, 32, 34, 38 అధ్యాయాలు, చివరగా నెహెమ్యా 5. ఈ వరుసలో వీటిని ఒక్కసారి పూర్తిగా చదవండి. ఒక్క సాయంత్రం చాలు.